రొమ్ము ఆపరేషన్ తరువాత కలయికలో నొప్పి: ఎవరిని అడగాలి?

గాజువాక గృహిణి:
అందరికీ నమస్కారం. నా వయసు 52. ఎడమ రొమ్ము పూర్తిగా తీసేశారు, చంకలోని లింఫు గ్రంథులు కూడా తీశారు. కీమో, రేడియేషన్ అయిపోయాయి. ఇప్పుడు రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నాను. ప్రాణం దక్కింది, నా పనులు నేనే చేసుకుంటున్నాను. కానీ ఒక్క విషయం ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. మావారితో కలిసినప్పుడు భరించలేని మంట. లోపల గీరుకుపోయినట్టు ఉంటుంది, మరునాడు మూత్రానికి వెళ్లినా మండుతుంది. ఇప్పుడు ఆయన చేయి వేస్తేనే ఒళ్లు బిగుసుకుపోతోంది. ఓపీలో డాక్టరు గారు చేతి వాపు చూస్తారు, కీళ్ల నొప్పుల గురించి అడుగుతారు. ఈ సంగతి మాత్రం అడగరు. పక్కనే ఫైలు పట్టుకుని మా అబ్బాయి నిలబడి ఉంటాడు, నేను నోరెలా విప్పేది? మా వదినకు చెబితే "ఈ వయసులో ఇంకా అవన్నీ ఎందుకు" అంది. నాకు కావాలి. పెళ్లయినప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఉన్న దగ్గరితనం అది, దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? తగ్గిందా?

మధురవాడ టీచరు:
అక్కా, నాకూ జరిగింది, చాలావరకు తగ్గింది. ముందుగా ఒక మాట. ఈ మంటకు కారణం మీ వయసు ఒక్కటే కాదు, మీ మనసు అసలే కాదు. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తయారు కాకుండా ఆపుతుంది. క్యాన్సర్ తిరగబెట్టకుండా మనల్ని కాపాడేది అదే. కానీ యోని లోపలి పొరను మందంగా, తడిగా ఉంచేది కూడా ఆ ఈస్ట్రోజనే. అది తగ్గిపోతే పొర పల్చబడి పొడిబారుతుంది. నేను వాడే అనాస్ట్రోజోల్ కూడా ఆ కోవకు చెందినదే.

నాకు గైనకాలజిస్టు రెండు రకాల జెల్ రాశారు. ఒకటి మాయిశ్చరైజర్, పొడి చర్మానికి రోజూ క్రీము రాసుకున్నట్టే. కలయిక ఉన్నా లేకపోయినా వారానికి రెండు మూడు రాత్రులు లోపల పెట్టుకోవాలి. రెండోది లూబ్రికెంట్, అది ఆ సమయానికి మాత్రమే. నీటితో చేసినదో సిలికాన్‌తో చేసినదో తీసుకోండి. సువాసన, వెచ్చదనం ఇస్తుందని రాసి ఉన్నవి వద్దు, ఇంకా మండుతుంది. మందుల దుకాణంలో రెండింటినీ జెల్ అనే పేరుతోనే ఇస్తారు కాబట్టి చీటీ చూపించి తీసుకోండి. మాయిశ్చరైజర్ ఒకటి రెండు సార్లకే పని చేయదు. కొన్ని వారాలు క్రమం తప్పకుండా వాడాకే నాకు తేడా తెలిసింది. మంటకు భయపడి లెట్రోజోల్ మాత్రం చెప్పకుండా మానేయకండి, దయచేసి.

పెందుర్తి నర్సు:
నేను క్యాన్సర్ వార్డులో పని చేస్తాను. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, సరిహద్దు దాటి ఒడిశా నుంచి కూడా మా దగ్గరికి వస్తారు. పెద్ద డాక్టర్ల ముందు ఎవరూ అడగరు. ఆపరేషన్ అయ్యాక గాయం దగ్గర పెట్టిన గొట్టం తీసేటప్పుడు, తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడుగుతారు: "మావారికి అంటుకుంటుందా?" అంటుకోదు. రొమ్ము క్యాన్సర్ కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి రాదు, కలిస్తే తిరగబెట్టదు కూడా. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవదు, కాబట్టి పక్కన పడుకున్నవారికి హాని లేదు. కీమో నడుస్తున్నప్పుడు మాత్రం మందు కొద్దిగా శరీర స్రావాల్లోకి వస్తుంది. ప్రతి డోసు తరువాత కొన్ని రోజులు కండోమ్ వాడాలి, ఎన్ని రోజులో మీకిచ్చిన మందును బట్టి డాక్టరు చెబుతారు.

గాజువాక అక్కకు ఇంకొక మాట. ఒళ్లు బిగుసుకుపోతోందని రాశారు కదా. నొప్పి వస్తుందన్న భయంతో కటి కండరాలు వాటంతటవే ముడుచుకుంటాయి, దానితో నొప్పి ఇంకా పెరుగుతుంది. జెల్ ఒక్కటే సరిపోకపోవచ్చు. ఆ కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ ఉంది, చేయి వాపుకు వెళ్లే చోటే అడగండి. యోని ప్రవేశ ద్వారం దగ్గరే నొప్పి అయితే, కొద్ది నిమిషాల ముందు దూదితో అద్దుకునే లిడోకెయిన్ అనే మొద్దుబార్చే ద్రావణం కొందరికి పని చేస్తుంది. డాక్టరు రాస్తేనే వాడండి. నొప్పి ఉన్నా భరించి కలవడం మాత్రం వద్దు.

సీతమ్మధార భర్త:
ఇక్కడ మగవాళ్లు రాయవచ్చో లేదో తెలియదు, కానీ రాయాలనిపించింది. ఆపరేషన్ అయ్యాక గాయానికి చేయి తగులుతుందేమోనని నేను హాల్లో పడుకునేవాణ్ని. ఆమె దాన్ని అసహ్యం అనుకుంది. జాకెట్టు మార్చుకోవాలంటే గది తలుపు గడియ వేసుకునేది. నెలల తరబడి ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. గాయం పూర్తిగా మానాక, మచ్చ గట్టిపడకుండా రోజూ నూనెతో మెల్లగా రాయమని ఫిజియోథెరపిస్టు నాకు చూపించారు. మొదటి రోజు వేళ్లు పెట్టగానే ఆమె కళ్లు మూసుకుని, "ఇక్కడ తెలియడం లేదు... ఇక్కడా లేదు... ఆ, ఈ పక్కన తెలుస్తోంది" అని చెబుతూ వచ్చింది. నరాలు తెగినందువల్ల కొంత భాగం మొద్దుబారి ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. మాటలు అక్కడ మొదలయ్యాయి. ఇప్పుడు ఆపరేషన్ అయిన వైపు చేతి కింద దిండు పెట్టుకుంటుంది, ఆ చేతి మీద బరువు పడనివ్వం. ఆమెకు ఇష్టమైతే లోపలి జాకెట్టు తీయకుండానే. కొన్ని రాత్రులు ఒకరి పక్కన ఒకరం పడుకోవడమే, అదీ మాకు తృప్తిగానే ఉంటుంది. గాజువాక అక్కగారూ, మీవారితో ఒక్కసారి మాట్లాడి చూడండి. ఆయన కూడా భయపడుతూ ఉండవచ్చు.

ఎంవీపీ కాలనీ, 34:
అన్నయ్య గారి మాటలు చదివి మావారికి చూపించాను. నాది వేరే సమస్య. ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర వాడుతున్నాను. కీమోతో నెలసరి ఆగిపోయింది, కాబట్టి గర్భం రాకుండా జాగ్రత్తలేవీ అవసరం లేదని అనుకుంటున్నాం. అది సరైనదేనా? మాకు ఇంకా పిల్లలు లేరు. మంట లేదు కానీ కోరికే చచ్చిపోయింది. వేడి ఆవిర్లతో రాత్రంతా తడిసిపోతున్నాను, అసలే ఈ సముద్రపు ఉక్కపోత.

పెందుర్తి నర్సు:
చెల్లీ, సరైనది కాదు. నెలసరి ఆగినంత మాత్రాన అండం విడుదల ఆగిందని చెప్పలేము. టామాక్సిఫెన్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు హాని. హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు, ఇంజెక్షన్లు మనకు పనికిరావు. కండోమ్ గానీ, కాపర్‌-టి గానీ. కండోమ్ వాడేవాళ్లు కొబ్బరినూనె దగ్గరికి రానివ్వకండి, నూనె తగిలితే రబ్బరు చిరుగుతుంది.

పిల్లల మీద ఆశ వదులుకోవద్దు. టామాక్సిఫెన్ లాంటి, హార్మోనును అడ్డుకునే మాత్రలు 18 నుంచి 30 నెలలు వాడాక, గర్భం కోసం రెండేళ్ల వరకు ఆపిన స్త్రీల మీద జరిగిన అంతర్జాతీయ అధ్యయనం 2023లో వచ్చింది. ఆ తొలి సంవత్సరాల్లో క్యాన్సర్ తిరగబెట్టడం పెరిగినట్టు కనిపించలేదు. అందరికీ ఇది వర్తించదు, మీ గడ్డ దశను బట్టి ఆంకాలజిస్టే, అంటే క్యాన్సర్ డాక్టరే నిర్ణయించాలి. మీ అంతట మీరు ఆపకండి. వేడి ఆవిర్లకూ మందులున్నాయి. దిగులుకు ఎవరైనా మందు రాస్తే టామాక్సిఫెన్ సంగతి చెప్పండి. పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ దాని పనిని తగ్గిస్తాయి, వాటికి బదులు వేరేవి ఉన్నాయి. టామాక్సిఫెన్ వాడేవారిలో ఎవరికైనా అనుకోని రక్తస్రావం కనిపిస్తే, ముఖ్యంగా నెలసరి ఎప్పుడో ఆగిపోయినవారికి, వెంటనే చూపించుకోవాలి. ఆ మందుతో గర్భాశయ లోపలి పొరలో క్యాన్సర్ వచ్చే ముప్పు కొంచెం పెరుగుతుంది.

మధురవాడ టీచరు:
కోరిక గురించి నాదొక మాట. నిద్ర కుదిరాకే నాకు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. ముందు ఆ వేడి ఆవిర్ల సంగతి చూడు అమ్మా, మిగతాది తరువాత. ఇంకొకటి, "కోరిక పెంచే" పొడులు, లేహ్యాలు ఆన్‌లైన్లో చాలా అమ్ముతున్నారు. అందులో ఏ హార్మోను ఉందో తెలియకుండా మనం నోట్లో వేసుకోకూడదు.

గాజువాక గృహిణి:
మీ అందరికీ దణ్ణం పెట్టాలని ఉంది. ఈసారి మా అబ్బాయిని బయట కూర్చోమంటాను, మావారినే తీసుకువెళతాను. గైనిక్‌లో లోపల పరీక్ష కూడా చేస్తారా? ఆ నొప్పి తలుచుకుంటేనే భయంగా ఉంది. ఇంకా, ఒక బంధువు ఏదో ఈస్ట్రోజన్ క్రీము రాస్తే చిటికెలో తగ్గిపోతుందని చెప్పింది. అడగవచ్చా?

పెందుర్తి నర్సు:
లోపల పరీక్ష చేయవచ్చు. లేడీ డాక్టరు కావాలని చీటీ రాయించుకునేటప్పుడే అడగండి. లోపల చూడటానికి పెట్టే పరికరం, స్పెక్యులం, చిన్న సైజుది వాడమనండి, నొప్పి అనిపిస్తే ఆపమనండి, అది మీ హక్కు. ఆ క్రీము సంగతికి వస్తే, మామూలుగా మెనోపాజ్ వచ్చినవారికి అదే రాస్తారు, మంచి మందే. కానీ అందులోని ఈస్ట్రోజన్ కొద్దిగా రక్తంలో కలుస్తుంది. మీరు లెట్రోజోల్ మీద ఉన్నారు కాబట్టి మామూలుగా మీకు రాయరు. మిగతావేవీ పని చేయనప్పుడు, మీ క్యాన్సర్ డాక్టరూ గైనకాలజిస్టూ మాట్లాడుకుని నిర్ణయించవలసిన విషయం అది. అందుకని గదిలోకి వెళ్లగానే, నొప్పి సంగతి కంటే ముందు, "నాది హార్మోను పాజిటివ్ రొమ్ము క్యాన్సర్, లెట్రోజోల్ వాడుతున్నాను" అని చెప్పండి. హార్మోను పాజిటివ్ అంటే హార్మోనుతో పెరిగే రకం. బయాప్సీ రిపోర్టు ఫైల్లో పైనే పెట్టుకోండి.