సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ స్క్రీన్ కొట్టుకుంటోంది, ప్యానెల్ మార్చమంటున్నారు. మార్చాలా?

లాకుల దగ్గర:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు. చెల్లి బీటెక్ సెకండియర్, దానికోసం పోయిన నెల ఒక ల్యాప్‌టాప్ తీసుకున్నాను, కంపెనీల్లో లీజు అయిపోయాక అమ్మేస్తారు చూడండి ఆ టైపు. 14 అంగుళాలు, ఎనిమిదో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 18,500 అయింది. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడేమో పీడీఎఫ్ తెరిచి చదువుకుంటుంటే స్క్రీన్ టపటపా కొట్టుకుంటోంది, అడ్డంగా పట్టీలు పట్టీలుగా వస్తున్నాయి, మౌస్ కదిపితే ఆగిపోద్ది, వదిలేస్తే మళ్ళీ మొదలు. మూత బాగా వెనక్కి వాల్చినప్పుడు కూడా ఒక్కోసారి తెల్లగా మెరిసి పోతోంది. అమ్మినాయన ఫోన్ ఎత్తట్లేదు. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే రెండు నిమిషాలు చూసి స్క్రీన్ పోయింది 5,500 అవుద్ది అన్నాడు. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ పెట్టి చూశాను, టీవీలో చాలా నీట్‌గా వస్తోంది. మార్పించెయ్యనా?

భీమవరం బెంచి:
టీవీలో బాగా వస్తోందంటే గ్రాఫిక్స్ చిప్ బాగున్నట్టేనండి, బోర్డు సేఫ్, అది మీ అదృష్టం. మిగిలింది ప్యానెల్, లేదా ప్యానెల్ కేబుల్. ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు మారని రకం ప్యానెల్) వేస్తానంటే 5,500 కొంచెం ఎక్కువే గానీ మరీ దోపిడీ కాదు. మార్పించెయ్యండి, పిల్ల చదువు పాడవుద్ది.

కాకినాడ 2ఎ:
గ్రాఫిక్స్ చిప్ హీట్ గన్‌తో వేడి చేయిస్తే సెట్ అవుద్ది బ్రో. మా సీనియర్‌ది అలాగే బాగు చేశారు.

భీమవరం బెంచి:
తమ్ముడూ దయచేసి అది ఎవరికీ చెప్పకు. అది 2008 నాటి గోల, అప్పట్లో ఎన్విడియా ల్యాప్‌టాప్ చిప్‌లు లోపల సోల్డర్ పగిలి పోతుంటే ఆ కంపెనీయే 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టుకుంది. వేడి చేస్తే నాలుగు రోజులు పనిచేసి మళ్ళీ పడుకునేవి. ఇక్కడ టీవీలో బాగుందని ఆయన చెప్తుంటే చిప్‌ని కాల్చడం ఎందుకు.

అంబాజీపేట:
బెంచి గారూ, చిప్‌ని కాల్చొద్దన్నారు సంతోషం, మరి ప్యానెల్ పీకెయ్యమన్నారేంటండీ? "మౌస్ కదిపితే ఆగిపోద్ది" అని ఆ అబ్బాయి శుభ్రంగా రాశాడు. ప్యానెల్ పోతే దానికి మౌస్ కదిలిందో లేదో ఎలా తెలుసండీ. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అని ఒకటి ఉంటుంది, ల్యాప్‌టాప్ చిప్‌నీ లోపలి స్క్రీన్‌నీ కలిపే ఈడీపీ అనే ప్రమాణం ఉంది, 2011లో దాని 1.3 వెర్షన్‌తో ఇది వచ్చింది. తెర మీద బొమ్మ మారకుండా ఉన్నప్పుడు చిప్ కరెంటు మిగుల్చుకోడానికి పంపడం ఆపేసి పడుకుంటుంది, ప్యానెల్ తన దగ్గరున్న మెమరీలోంచి అదే బొమ్మ చూపించుకుంటూ ఉంటుంది. మౌస్ కదిపితే చిప్ లేస్తుంది. ఆ పడుకోడం లేవడం దగ్గర డ్రైవర్‌కీ (చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌కీ) ప్యానెల్‌కీ పొత్తు కుదరకపోతే ఇదిగో ఇలాగే పీడీఎఫ్ చదివేటప్పుడు కొట్టుకుంటుంది. ఈ తతంగం అంతా లోపలి స్క్రీన్‌కే, టీవీకి ఉండదు. అందుకే టీవీలో నీట్‌గా వచ్చి తీరుతుంది. అది చూసి స్క్రీన్ పోయింది అంటే తలనొప్పని వెళ్ళినోడికి తల మార్చేద్దాం అన్నట్టు ఉంది.

బాబూ, ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ తెరువు, సిస్టమ్, అందులో పవర్, అక్కడ ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ ఆపెయ్యి. బ్యాటరీకీ చార్జర్‌కీ వేర్వేరుగా ఉంటే రెండు చోట్లా ఆపు. ఈమధ్య ఏమన్నా అప్‌డేట్ పడిందా?

ఊసుపోక:
అయ్యబాబోయ్ కోనసీమ నుంచి ఉపన్యాసం మొదలైంది.

భీమవరం బెంచి:
అంబాజీపేట గారూ, ఆ అబ్బాయి ఇంకో ముక్క కూడా శుభ్రంగా రాశాడు, "మూత వాల్చినప్పుడు మెరిసి పోతోంది" అని. మీ సెల్ఫ్ రిఫ్రెష్‌కి మూత ఎంత వాలిందో ఎలా తెలుసండీ? కేబుల్ వెళ్ళేది కీలు లోంచి. రోజూ తెరవడం మూయడం, లీజు మిషన్ అంటే మూడు నాలుగేళ్ళు ఎవడెవడో ఒంటిచేత్తో మూల పట్టుకుని లేపినది. సాఫ్ట్‌వేర్‌తో పోయేదైతే బెంచి వేసుకుని రిపేర్లు చేసే మేమెందుకు ఇక్కడ.

రొయ్యల బాబాయ్:
మీరిద్దరూ అసలు సంగతి వదిలేశారు. వోల్టేజీ. మా మొగల్తూరు వైపు సాయంత్రం రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) అన్నీ ఒక్కసారి వేశారంటే ఇంట్లో ఫ్యాను కూడా మూలుగుద్ది. మా ఎల్ఈడీ టీవీ అలాగే పోయింది, కంపెనీ వాడొచ్చి మీ కరెంటు బాలేదు వారంటీ లేదు పొమ్మన్నాడు. ఎర్తింగ్ ఉందా తమ్ముడూ మీ ఇంట్లో? చార్జర్ పీకేసి బ్యాటరీ మీద చూడు.

భీమవరం బెంచి:
బాబాయ్ గారూ ల్యాప్‌టాప్ చార్జర్ మీద చదవండి, 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. దానికి తట్టుకునే శక్తి ఉంది. ఎర్తింగ్ లేకపోతే ఒళ్ళు జివ్వుమంటుంది, టచ్‌ప్యాడ్ పిచ్చిగా గెంతుద్ది, పీడీఎఫ్‌కి పట్టీలు రావు.

రొయ్యల బాబాయ్:
మరి ఉప్పుగాలో? మా దగ్గర చెరువు గట్టు మీద షెడ్డులో పెట్టిన ల్యాప్‌టాప్ విప్పితే ఆ సన్న కనెక్టర్ల మీద పచ్చగా చిలుం పట్టి ఉంది. వాడిన మిషన్ ఎక్కడెక్కడ తిరిగిందో ఎవడికి తెలుసు.

భీమవరం బెంచి:
అది మాత్రం నిజం. చిలుం నేనూ చూస్తుంటాను, నర్సాపురం అంతర్వేది వైపు నుంచి వచ్చేవాటిలో మరీను.

అంబాజీపేట:
చూశారా, చిలుం అయితే తుడిస్తే పోతుంది, కేబుల్ అయితే కేబుల్ మారిస్తే పోతుంది. మరి మొదటి మాటే "మార్పించెయ్యండి" అని ప్యానెల్ మీదకి ఎందుకు వెళ్ళారు? మీరే ప్యానెల్ లేదా కేబుల్ అన్నారు, ఆ "లేదా" తేల్చకుండా డబ్బులు ఎందుకు పెట్టాలండీ ఆయన. 2016 మ్యాక్‌బుక్ ప్రో 13 అంగుళాల వాటిలో కేబుల్ పొట్టిదై మూత తెరిచీ మూసీ అరిగిపోయిందని 2019లో యాపిల్ ఉచితంగా బాగు చేసిచ్చింది. ప్యానెల్ లక్షణంగా ఉండి కేబుల్ పోవడం అంత పెద్ద కంపెనీకే తప్పలేదు.

భీమవరం బెంచి:
మంచి ఉదాహరణే ఎత్తారు. ఆ మ్యాక్‌లో కేబుల్ డిస్‌ప్లేలో కలిసే ఉంటుంది, విడిగా మార్చడం కుదరక మొత్తం మూతే మార్చారు సార్. మీ ఉదాహరణ నా వైపే సాక్ష్యం చెప్తోంది.

ఊసుపోక:
😂 పోస్టు పెట్టినోడు ఎటు పోయాడో చూడండి ఎవరైనా

లాకుల దగ్గర:
ఉన్నానండి, పనిలో ఉండి చూళ్ళేదు. అప్‌డేట్ పడిందండి, పరీక్షల ముందు చెల్లి కొట్టింది, ఆ తర్వాతే ఇది మొదలైందంటోంది. సెల్ఫ్ రిఫ్రెష్ ఇంకా ఆపలేదు, ఆ కమాండ్ సెంటర్ నా మిషన్‌లో లేదు, దింపుతున్నా.

అంబాజీపేట:
దింపేలోపు ఇంకో పని చెయ్యి. ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి (విండోస్ మొదలవక ముందే వచ్చే సెట్టింగుల తెరలోకి) వెళ్ళి మిషన్ కదపకుండా కాసేపు వదిలెయ్యి. అక్కడ విండోస్ లేదు డ్రైవర్ లేదు. అక్కడా కొట్టుకుంటే నేను నోరు మూసుకుంటా.

భీమవరం బెంచి:
అదే బయోస్‌లో ఉండగా మూత నెమ్మదిగా వాల్చి, మళ్ళీ ముందుకి తెచ్చి చూడండి. డెల్ అయితే పవర్ ఆపి డి కీ నొక్కిపట్టి ఆన్ చెయ్యండి, ప్యానెల్ తనంతట తాను రంగులు మార్చి చూపిస్తుంది.

లాకుల దగ్గర:
డెల్ కాదండి. బయోస్‌లో టీ తాగొచ్చేంత సేపు వదిలేశా, కదల్లేదు మెదల్లేదు, రాయిలా ఉంది. కానీ మూత వెనక్కి వాల్చితే ఒకచోట మెరుపు వచ్చింది, ఎడమ కీలు దగ్గర కొంచెం వేలితో నొక్కితే మళ్ళీ వచ్చింది.

అంబాజీపేట:
కదపకపోతే రాయిలా ఉంది. విన్నారా బెంచి గారూ.

భీమవరం బెంచి:
కీలు నొక్కితే బయోస్‌లోనే మెరిసింది. విన్నారా అంబాజీపేట గారూ.

కాకినాడ 2ఎ:
అంటే రెండూ ఉన్నాయి కదా బ్రో? ఇద్దరూ కరెక్టే కదా

అంబాజీపేట:
కాదు. ఒక్కరే కరెక్టు. నేను పరీక్షించమన్నాను, ఆయన మార్చెయ్యమన్నాడు. ఇది నాకు ఊరికే వచ్చిన కోపం కాదు. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కి ఇలాగే, నేను పేరు చెప్పను, ఒక టౌన్‌లో షాపులో ప్యానెల్ మార్చి 6,000 తీసుకున్నారు. కొత్త ప్యానెల్ వెలుతురు సగం కూడా లేదు, పక్క నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి, ఐపీఎస్ అన్నాడు, చవక రకం టీఎన్ వేశాడు. మళ్ళీ కొట్టుకోడం మొదలైంది. అప్పుడు నేనే విప్పితే కేబుల్ కీలు దగ్గర నలిగి లోపలి రాగి బయటపడింది. పాత ప్యానెల్ ఇవ్వవయ్యా అంటే పారేశాం అన్నారు. బాగున్న ఐపీఎస్ ప్యానెల్‌ని ఎవడు పారేస్తాడండీ! ఎవడికో వేసి అమ్ముకున్నారు. మీ బెంచీలన్నీ ఇంతే.

భీమవరం బెంచి:
"మీ బెంచీలన్నీ" అన్నారు కాబట్టి చెప్తున్నా, లేకపోతే చెప్పేవాణ్ణి కాదు. ల్యాప్‌టాప్ మూత విప్పడం అంటే ఏంటో తెలుసాండీ మీకు? ముందు కింద విప్పి బ్యాటరీ కనెక్టర్ తియ్యాలి, అది తియ్యకుండా స్క్రీన్ కేబుల్ ముట్టుకుంటే బ్యాక్‌లైట్ ఫ్యూజ్ టప్‌మంటుంది. తర్వాత బెజెల్, అంటే స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేము, వాడిన మిషన్‌లకి దాని క్లిప్పులు ఎండిపోయి విరుగుతాయి, విరిగితే తిట్లు. ఇదంతా గంట పని. విప్పి, కేబుల్ అని తేల్చి, ఇదిగో సార్ కేబుల్ అని చెప్తే జనం ఏమంటారో తెలుసా? "ఓస్ కేబులేనా" అని లేచి వెళ్ళిపోయి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. 30 పిన్‌కి 40 పిన్ తెప్పించుకుని, అది పట్టక మళ్ళీ నా దగ్గరికే వచ్చి ఊరికే పెట్టిపెట్టమంటారు. నా గంటకి ఎవడిచ్చాడు రూపాయి? ప్యానెల్ మారిస్తే సప్లయర్ నాకు గ్యారంటీ ఇస్తాడు, నేను కస్టమర్‌కి ఇస్తాను, పోతే మార్చిస్తా. కేబుల్ సర్ది టేపేసి ఇస్తే రెండు నెలలకి తిరిగొస్తుంది, అప్పుడు నన్ను దొంగ అంటారు. షాపు అద్దె కట్టేవాడికి ఏది మంచిదో మీరే చెప్పండి.

అంబాజీపేట:
ఇప్పుడు వచ్చారు అసలు మాటకి. అంటే జబ్బు ఏంటో తెలిసి కాదు, మీకు గ్యారంటీ దేనికి దొరుకుద్దో దాన్ని బట్టి మందు. చూసినందుకు డబ్బులు కావాలంటే చూసినందుకని అడగండి, ప్యానెల్ ముసుగెందుకు.

భీమవరం బెంచి:
అడిగితే ఇచ్చేవాళ్ళున్నారా? "చూడ్డానికి కూడా డబ్బులా" అని ఊరంతా చాటుతారు. డాక్టరు చూస్తే 400 నోరెత్తకుండా ఇస్తారు, నన్ను మాత్రం స్క్రూడ్రైవర్ తిప్పినందుకు ఏంటంటారు.

రొయ్యల బాబాయ్:
బెంచి చెప్పింది కరెక్టే. చెరువు నీళ్ళు టెస్టు చేయించడానికి డబ్బులిస్తాం, ఏంటయ్యా అనం. కానీ ఎర్తింగ్ సంగతి ఎవరూ తేల్చలేదు.

లాకుల దగ్గర:
గొడవ మధ్యలో వస్తున్నా క్షమించండి. కమాండ్ సెంటర్ దిగింది, సెల్ఫ్ రిఫ్రెష్ రెండు చోట్లా ఆపేశాను. నిన్న సాయంత్రం నుంచి పీడీఎఫ్‌లో ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. బ్యాటరీ కొంచెం తొందరగా దిగుతున్నట్టుంది. మూత మెరుపు మాత్రం అలాగే ఉంది. చెల్లి మూతని ఒకే యాంగిల్‌లో పెట్టి వాడుకుంటోంది. పాలకొల్లు షాపు ఆయనకి ఈ సంగతి చెప్తే, అయినా ప్యానెల్ మార్చాల్సిందే అన్నాడు.

అంబాజీపేట:
పెద్ద అప్‌డేట్ పడినప్పుడల్లా అది మళ్ళీ ఆన్ అయిందేమో చూసుకుంటూ ఉండు. తర్వాత వచ్చే డ్రైవర్‌లో సర్దుకుంటే తిరిగి ఆన్ చేసుకోవచ్చు, బ్యాటరీ మిగులుద్ది. మూతని ఒకే యాంగిల్‌లో పెట్టి ఎన్నాళ్ళు వాడతారు, కేబుల్ పూర్తిగా తెగి షార్ట్ అయితే ఫ్యూజ్ మీదకొస్తుంది. అది విప్పించి చూపించాల్సిందే. ఎవరి దగ్గర అనేది నేను చెప్పను.

భీమవరం బెంచి:
నా దగ్గరికి తెస్తే విప్పి చూడ్డానికి 300. కేబులో కనెక్టరో పని చేయించుకుంటే ఆ 300 బిల్లులో తగ్గిస్తా. చేయించుకోకపోతే 300 ఇచ్చి మిషన్ పట్టుకెళ్ళండి, ఏ పార్టు పోయిందో కాగితం మీద రాసిస్తా. తీసిన పాత పార్టు మీ చేతికే. అందరి ముందూ రాస్తున్నా.

అంబాజీపేట:
ఇదే మాట మొదటి రిప్లైలో రాసుంటే ఇంత దాకా వచ్చేది కాదు.

భీమవరం బెంచి:
మొదటి రిప్లైలో 300 అని రాసుంటే గేలం వేస్తున్నాడని మీరే అనేవారు.

అంబాజీపేట:
అనేవాణ్ణే. 200 చెయ్యండి, స్టూడెంట్ మిషన్ కదా.

భీమవరం బెంచి:
కుదరదండి.

లాకుల దగ్గర:
300 ఇస్తానండి, పర్లేదు. శనివారం వస్తాను. చెల్లికి సోమవారం ల్యాబ్ ఉంది, అదే రోజు ఇచ్చేస్తారా?

భీమవరం బెంచి:
చిలుమే అయితే గంటలో ఇచ్చేస్తా. కేబుల్ అయితే మోడల్‌ని బట్టి తెప్పించాలి. మిషన్ కింద స్టిక్కర్ ఫోటో తీసి ఇవాళే మెసేజ్ పెట్టండి, విజయవాడలో ఉందేమో అడుగుతా. మిషన్‌తో పాటు చార్జర్ కూడా తెండి, చాలామంది అది మర్చిపోయి వస్తారు.

రొయ్యల బాబాయ్:
ఆ చార్జర్ మూడు పిన్నులదేనా, రెండు పిన్నులదా?