వాల్టర్ పాటర్ మ్యూజియాన్ని విడివిడిగా అమ్మేయడం తప్పా?

పాతపెట్టె: ఇంగ్లండ్ ససెక్స్‌లో బ్రాంబర్ అని చిన్న ఊరు. అక్కడ వాల్టర్ పాటర్ అనే ఆయన చచ్చిన జంతువుల చర్మాలు ఒలిచి లోపల కూరి బొమ్మల కొలువులాగా పేర్చేవాడు, 1861లో పబ్బు పెరట్లో మొదలెట్టాడు. కుందేలు పిల్లలు పలకలు పట్టుకుని బళ్ళో కూర్చుంటాయి, ఉడతలు పేకాడతాయి, పిల్లికూనలకి పెళ్ళి. ఆయన 1918లో పోయాక కూడా మ్యూజియం నడిచింది, ఊళ్ళు మారి చివరికి కార్న్‌వాల్ చేరింది, 2003లో వేలంలో చెల్లాచెదురైపోయింది. డేమియన్ హర్స్ట్ అనే పేరున్న బ్రిటిష్ ఆర్టిస్టు మొత్తం కలిపి పది లక్షల పౌండ్లకి కొనేవాణ్ణి అన్నాడు, వేలంలో వచ్చింది ఐదు లక్షల చిల్లర. నాకైతే కడుపు మండింది.

గోలీసోడా: వాళ్ళ సొమ్ము వాళ్ళు అమ్ముకున్నారు, మనకెందుకండీ మంట? అసలు పిల్లికూనలకి గౌన్లు తొడిగి పెళ్ళి చెయ్యడం ఏంటి, ఒళ్ళు జలదరిస్తోంది.

పాతపెట్టె: వాటిని ఆయన చంపలేదనే చెప్పుకునేవారు, అయినా అప్పట్లో పల్లెల్లో కూనలు ఎక్కువైతే నీళ్ళల్లో ముంచేసేవాళ్ళు.

చార్మినార్ చాయ్: మన సాలార్జంగ్ చూడు భయ్యా. మూడో సాలార్జంగ్ 1949లో పెళ్ళీ పిల్లలూ లేకుండా పోతే 1951లోనే మ్యూజియం తెరిచారు, 1961లో పార్లమెంటు చట్టం చేసింది, అందుకే ఇవాళ ఒక్కచోట ఉంది.

గోలీసోడా: ఆయన నిజాం దివాను, కోట్ల ఆస్తి. పాటర్ పబ్బు నడిపేవాళ్ళ అబ్బాయి. ఉడతల పేకాటకి ఏ పార్లమెంటు చట్టం చేస్తుంది?

పాతపెట్టె: అదే కదా నా ఏడుపు! రాజులు పోగేస్తే వారసత్వం, పల్లెటూరాయన పోగేస్తే పాత సామానా? రాబిన్ పిట్ట చావు మీద ఉన్న ఇంగ్లీషు పిల్లల పాటని బొమ్మలుగా పేర్చిన పెట్టె ఒక్కటే తీసుకోండి, అందులో 98 పిట్టలు, గుడ్లగూబ గొయ్యి తవ్వుతుంటుంది, ఆ ఒక్కదానికే ఏడేళ్ళు పట్టిందంటారు. అది ఒకరి హాల్లో, రెండు తలల గొర్రెపిల్ల ఇంకొకరి హాల్లో ఉంటే వింత వస్తువులంతే, అన్నీ కలిసుంటేనే ఆ మనిషి బుర్ర కనబడుతుంది.

చార్మినార్ చాయ్: 2010లో లండన్‌లో వాటిలో కొన్నిటిని కలిపి చూపించారు కదా, పీటర్ బ్లేక్ అనే పెయింటర్ పూనుకుని.

గోలీసోడా: చూశారా మరి, కొన్నవాళ్ళు పారెయ్యలేదు, అడిగితే ఇచ్చారు కూడా.

పాతపెట్టె: ఇచ్చారు, అవగానే పట్టుకెళ్ళిపోయారు. బ్రాంబర్‌లో పిల్లాడు చూడాలంటే ఎవరింటి కాలింగ్ బెల్ కొట్టాలండీ?