అడ్సార్ప్షన్‌లో పీహెచ్‌డీ: కొత్త పదార్థమా, ప్రాసెస్సా?

కొత్తచేరిక: కెమికల్ ఇంజనీరింగ్ పీహెచ్‌డీలో చేరాను. విషయం అడ్సార్ప్షన్, అంటే ఘనపదార్థం ఉపరితలానికి వాయువుల, ద్రవాల అణువులు అంటుకోవడం. గైడ్ గారు రెండు దారులు చూపించారు. ఒకటి, కార్బన్ డయాక్సైడ్‌ను నైట్రోజన్ నుంచి విడదీసే కొత్త మాఫ్‌లు (లోహ అయాన్లను సేంద్రియ అణువులతో ముడివేసిన, సూక్ష్మ రంధ్రాలున్న పదార్థాలు) తయారుచేయడం. రెండోది, ఎప్పటినుంచో ఉన్న 13ఎక్స్ జియోలైట్‌తోనే (ఇదీ సూక్ష్మ రంధ్రాలున్న పదార్థమే) ప్రెషర్ స్వింగ్ సైకిల్‌ను, అంటే పీడనం పెంచి వాయువును పట్టించి, దించి వదిలించే పద్ధతిని, మెరుగుపరచడం. రెండోది పాత చింతకాయ పచ్చడి అంటున్నారు సీనియర్లు. ఏది తీసుకోమంటారు?

జల్లెడ: కొత్త పదార్థం. ఇందులో ఆలోచించడానికేముంది? ఈ రంగం కదిలిన ప్రతిసారీ వెనక ఓ పదార్థం ఉంది. యూనియన్ కార్బైడ్‌లో మిల్టన్ ఏ, ఎక్స్ జియోలైట్లు తయారుచేశాకే కదా, గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రాలు వచ్చింది. ముందు గింజ (అణువుల్ని పట్టుకునే పదార్థం), ఆ తర్వాతే కాలమ్ (ఆ గింజలు నింపే గొట్టం).

రంధ్రాన్వేషి: మిల్టన్ దాకా వెళ్లినవారు, ప్రెషర్ స్వింగ్‌కు పేటెంటు తీసుకున్న స్కార్‌స్ట్రామ్ దగ్గర ఆగలేదేం? రెండు కాలమ్‌లు. ఒకటి ఎక్కువ పీడనంలో పట్టుకుంటూ ఉంటే రెండోది పీడనం దించుకుని వదిలేస్తుంటుంది, తయారైన శుద్ధ వాయువులోంచే కొంత వెనక్కి మళ్లించి దాన్ని కడుగుతారు. 1960 నాటి పేటెంటు. అది లేకపోతే గింజ చేతిలో ఉన్నా, వేడిచేసి ఖాళీ చేయడానికే గంటలు పట్టేది.

ఇక మాఫ్ పేపర్ల సంగతి. కార్బన్ డయాక్సైడ్ ఐసోథర్మ్ (ఒకే ఉష్ణోగ్రతలో, పీడనాన్ని బట్టి ఎంత పట్టుకుంటుందో చూపే గీత) ఒకటి, నైట్రోజన్‌ది ఒకటి, విడివిడిగా కొలుస్తారు. రెంటినీ ఐఏఎస్‌టీ (విడివిడి కొలతల నుంచి మిశ్రమం తీరును అంచనా వేసే సిద్ధాంతం) సమీకరణాల్లో వేస్తే సెలెక్టివిటీ, అంటే ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని ఎంత ఎక్కువగా పట్టుకుంటుందన్న నిష్పత్తి, వస్తుంది. మిశ్రమాన్ని ఆ పదార్థం మీదుగా ఎవరూ పంపలేదు. అది కొలత కాదు, లెక్క.

జల్లెడ: ఐఏఎస్‌టీ మయర్స్, ప్రౌస్నిట్జ్ 1965లో ఇచ్చింది. గట్టి థర్మోడైనమిక్స్. మీరు మోడల్‌లో పెట్టే లీనియర్ డ్రైవింగ్ ఫోర్స్ గుణకం (అణువులు గింజలోకి ఎంత వేగంగా చేరతాయో చెప్పే అంకె) మాత్రం కొలతా?

రంధ్రాన్వేషి: థర్మోడైనమిక్స్‌తో నాకు పేచీ లేదు. పట్టుబడిన అణువులు ఆదర్శ మిశ్రమంలా ఉంటాయని, రెండు వాయువులకూ ఒకే ఉపరితలం అందుతుందని దాని ఊహ. బలమైన సైట్లన్నీ ఒక్క వాయువే ఆక్రమించే పదార్థంలో ఆ ఊహ నిలవదు. పైగా నైట్రోజన్ అంటుకునేది అతి కొద్ది. ఆ చిన్న అంకెతోనే భాగిస్తున్నారు, దాంట్లో పిసరంత తేడా వస్తే సెలెక్టివిటీ ఆకాశానికి ఎగురుతుంది.

పాతకాపు: ఆ పిల్లాడు అడిగిందేమిటి, మీరు కొట్టుకుంటున్నదేమిటి!

బాష్పం: ఫ్లూ గ్యాస్‌లో (చిమ్నీలోంచి వచ్చే పొగలో) నీటి ఆవిరి ఉంటుంది, ఆ ఊసే లేదేం? తేమ తగిలితే 13ఎక్స్ కార్బన్ డయాక్సైడ్‌ను పక్కన పెట్టి నీళ్లనే పట్టుకుంటుంది.

జల్లెడ: అదీ మాట! అందుకే కాల్ఫ్-20. జింకు, ట్రయజోల్, ఆక్సలేట్‌తో కట్టిన మాఫ్, 2021లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఓ మోస్తరు తేమ ఉన్నా పని చేస్తుంది. పాత గింజతో ఎన్ని సైకిళ్లు మార్చినా ఆ తేమను ముందే ఆరబెట్టుకోక తప్పదు.

రంధ్రాన్వేషి: కాల్ఫ్-20 నా తరఫు సాక్షి. అది పట్టుకునే మోతాదులో రికార్డులేమీ లేవు. తేమను ఓర్చుకుంటుంది, పట్టినదాన్ని తేలిగ్గా వదులుతుంది, పెద్ద ఎత్తున తయారవుతుంది. అంటే ప్రాసెస్ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పి గెలిచింది. మిగతావాళ్లు ఐసోథర్మ్ నిట్టనిలువుగా లేచిందని మురిసిపోతారు, వదిలించడానికి ఎంత లోతు వాక్యూమ్ కావాలో రాయరు. మనకు దక్కేది పట్టిన మొత్తం కాదు, పైపీడనానికీ కిందిపీడనానికీ మధ్య ఉన్న తేడా.

క్రొమటోగ్రఫీలోనూ అంతే. జైలీన్ అనే ద్రవంలో ఒకే ఫార్ములా ఉన్న పారా, మెటా రకాలుంటాయి. పారా జైలీన్ 138.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మెటా 139.1 దగ్గర. డిస్టిలేషన్‌తో అయ్యే పని కాదు. బ్రౌటన్, గెర్‌హోల్డ్‌ల 1961 పేటెంటు చూడండి. గింజలు ఉన్నచోటే ఉంటాయి. ఫీడ్ (విడదీయాల్సిన మిశ్రమం), డీసార్బెంట్ (పట్టినదాన్ని వదిలించే ద్రవం) వచ్చే దారులు, రెండు ఉత్పత్తులు బయటికి పోయే దారులు, నాలుగూ కలిసి ఒక్కో మెట్టు జరుగుతుంటాయి. గింజలే ప్రవాహానికి ఎదురు నడుస్తున్నట్టు అవుతుంది. బ్యాండ్లు (కాలమ్‌లో ఒక్కో రకం ఉండే పట్టీలు) పూర్తిగా విడిపోనక్కర్లేదు. రెండు కొసలూ శుభ్రంగా ఉంటే చాలు, నడుమ కలగలిసింది లోపలే తిరుగుతుంది. అందుకే మామూలు సెలెక్టివిటీతోనూ 99.7 శాతం పారా వస్తుంది.

జల్లెడ: ఆ గింజలో బేరియం, పొటాషియం అయాన్లు ఎక్కించబట్టి అది పారా వైపు మొగ్గింది. సోడియం ఉన్న వై జియోలైట్ వేస్తే మెటాను పట్టుకుంటుంది. మీ వాల్వు ఎంత తిరిగినా, ఏది బయటికొస్తుందో నిర్ణయించేది అయానే.

బ్రేక్‌త్రూ: గింజ వ్యాసం సగం చేస్తే లోపలి వ్యాపనం నాలుగు రెట్లు వేగం, పీడన నష్టమూ దాదాపు నాలుగు రెట్లు. ఇది పదార్థమా, ప్రాసెస్సా? ఊరికే అడుగుతున్నా.

రంధ్రాన్వేషి: గింజ అన్నారు కాబట్టి చెబుతున్నా. మాకు ఒక ల్యాబ్ నుంచి మాఫ్ వచ్చింది, పొడిగా, కొద్ది గ్రాములు. కాలమ్‌లో పోస్తే వాయువుతో పాటే ఎగిరి ఫిల్టర్లో చేరింది. గింజలు చేయమంటే ప్రెస్ చేసి పంపారు, సగం రంధ్రాలు నలిగిపోయాయి. ఏడాది పని మట్టిపాలు. వాళ్ల పేపరు మాత్రం అప్పటికే అచ్చయింది. మా పేపరు పంపితే రివ్యూయర్ రాసిందేమిటంటే, పదార్థం పాతది, కొత్తదనం లేదు!

జల్లెడ: మా వైపు కూడా విను. మేం నెలల తరబడి తయారుచేసిన పదార్థాన్ని తీసుకెళ్లి, కర్వ్‌లు గీసుకుని, చివర్న కృతజ్ఞతల్లో ఒక్క ముక్క పడేసినవాళ్లున్నారు. మీకు మేం సరుకు సప్లయర్లం, అంతేగా? అసలు నా పని ప్లాంటుకు పనికిరావాలని ఎవరన్నారు? రంధ్రంలో అణువు ఎందుకలా కూర్చుంటుందో తెలుసుకోవడమే నా పరిశోధన.

రంధ్రాన్వేషి: అయితే పేపరు మొదటి వాక్యంలో కార్బన్ క్యాప్చర్ ఎందుకు రాస్తావు? అణువు గురించి మాత్రమే రాయి, నేను నోరెత్తను. ప్లాంటు పేరు చెప్పి నిధులు తెచ్చుకుని, ప్లాంటు ప్రశ్న వేయగానే అది నా పని కాదంటే ఎలా?

జల్లెడ: అలా రాయకపోతే నిధులివ్వరు గనక. నీ సైకిల్ ఆప్టిమైజేషన్లు ఏ ప్లాంటులో తిరుగుతున్నాయో చెప్పు చూద్దాం.

మోడరేటర్: మీరు నుంచి నువ్వులోకి దిగారు. ఇంకో మెట్టు దిగితే తాళం వేస్తాను.

కొత్తచేరిక: గైడ్ గారిని అడిగాను. మిశ్రమాన్ని కొలిచే రిగ్ మా ల్యాబ్‌లో లేదట. కట్టుకుంటే మొదటి ఏడాది దానికే పోతుందన్నారు. పేపర్లు ఆలస్యమైనా కట్టుకుంటానన్నాను.

రంధ్రాన్వేషి: కట్టు. ముందు అధిశోషకం (గింజ) లేకుండా బ్లాంక్ రన్ చేయి. గొట్టాల్లో, వాల్వుల్లో పట్టే ఆలస్యాన్ని తీసేయకపోతే అదంతా గింజ ఖాతాలో పడుతుంది. కాలమ్ లోపల థర్మోకపుల్ పెట్టు, పట్టుకున్నప్పుడు వేడి పుడుతుంది. కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఆ వేడిని వదిలేసిన మోడల్ బ్రేక్‌త్రూ కర్వ్‌తో (వాయువు కాలమ్ చివర ఎప్పుడు, ఎంత బయటికొస్తుందో చూపే గీతతో) కలవదు. మొదట 13ఎక్స్‌తో మొదలుపెట్టు, పోల్చుకోవడానికి డేటా బోలెడు.

జల్లెడ: రిగ్ మంచిదే. ఏ గింజ పోయాలో కూడా మీరే తేల్చేశారన్నమాట.