'ది లూమినరీస్' చదివినవాళ్లు కాస్త చెప్తారా?

ఎలినార్ కాటన్ రాసిన ఈ నవలకు 2013లో బుకర్ వచ్చింది. 1866లో న్యూజిలాండ్ పడమటి తీరాన హోకిటికా ఊళ్లో, బంగారం కోసం జనం ఎగబడుతున్న రోజుల కథ.

హోటల్ గదిలో పన్నెండు మంది రహస్యంగా కూడిన రాత్రి, అప్పుడే ఓడ దిగిన మూడీ తెలియక వాళ్ల మధ్యకొచ్చి కూర్చుంటాడు. ఆ సీన్ నన్ను కట్టిపడేసింది. కానీ తర్వాత ఒక్కొక్కరూ తమ కథ చెప్పుకుంటూ పోతుంటే, ఏ బంగారం ఎవరి చేతిలోంచి ఎవరికి పోయిందో గుర్తుండట్లేదు. మొదటి భాగమే 300 పేజీలు దాటింది! ముందుకెళ్లేకొద్దీ భాగాలు చిన్నవవుతాయట, వేగం కూడా పెరుగుతుందా? పేర్లు మీరెలా గుర్తుపెట్టుకున్నారు?

ఆ పన్నెండు మందికీ పన్నెండు రాశులు. ప్రతి భాగం ముందూ రాశిచక్రం వేసి ఉంది. జ్యోతిషం తెలిసినవాళ్లెవరైనా చదివారా? ఆ చక్రాల్ని వదిలేస్తే కథలో ఏమైనా పోతుందా?

నిజానికి నాకు ఎక్కువ ఆసక్తి చైనా నుంచి వచ్చిన క్వీ లాంగ్ మీద, పచ్చరాయి వెతికే మావోరీ (న్యూజిలాండ్ మూలవాసి) తౌఫారే మీద. చివరిదాకా వాళ్లకు న్యాయం జరిగిందనిపించిందా? హత్య గుట్టు మాత్రం చెప్పకండి, ప్లీజ్.