అప్‌డేట్: మా పాప క్యోగెన్‌లో చేరింది

జపనీస్ అంతంతమాత్రంగా వచ్చిన మా ఎనిమిదేళ్ల పాపను ఇక్కడ క్యోటోలో పిల్లల క్యోగెన్ (జపాన్ సంప్రదాయ హాస్య నాటకం) తరగతికి పంపవచ్చా అని అడిగాను కదా. పంపాను. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

భాష అడ్డు కాలేదు. గురువుగారు పలికిన వాక్యాన్ని పిల్లలు అలాగే తిరిగి పలుకుతారు, అచ్చం మన సంగీత పాఠంలాగే. మొదటి రోజంతా మోకాళ్లు కాస్త వంచి, పాదం నేల విడవకుండా జరుపుతూ నడవడమే. తర్వాత కడుపులోంచి సాగదీసి నవ్వడం. మూసిన విసనకర్రే రంపమైంది. "జుకా జుకా" అంటూ లేని కంచెను కోశారు.

ఇప్పుడు "కాకి యామాబుషి" నేర్పుతున్నారు. చెట్టెక్కి పెర్సిమన్ పండ్లు దొంగిలించిన యామాబుషి, అంటే కొండల్లో తపస్సు చేసే సన్యాసి, తోట యజమాని కంటపడి, తాను మనిషిని కాదని నమ్మించడానికి కాకిలా, కోతిలా, గద్దలా అరుస్తాడు. జపనీస్‌లో "కాకి" అంటే మన కాకి కాదు, ఆ పెర్సిమన్ పండే! పాపకు ఎంత సంబరమో. నిన్న సాయంత్రం పీట ఎక్కి, రెండు చేతులూ చాచి, గద్దలా "హీ... యోరో" అంది.