రగ్బీ దేశంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఇంత నీరసమైన ప్రచారమా?

బెజవాడ ఫ్లెక్సీ:
గవర్నర్‌పేటలో ఫ్లెక్సీ షాపు నాది. అమ్మాయి, అల్లుడు న్యూజిలాండ్‌లో ఉంటారు. మొన్న ఏప్రిల్‌లో వెళ్లొచ్చాం. అల్లుడికి ఫుట్‌బాల్ పిచ్చి. ఓ సాయంత్రం సరుకులు తీసుకుని కారులో వస్తుంటే స్టేడియంలో లైట్లు వెలుగుతున్నాయి. ఏంటి బాబూ అంటే ఫోన్ చూసి "ఫుట్‌బాల్ మ్యాచ్ అట మావయ్యగారూ, నాకే తెలీదు" అన్నాడు. లోపలికెళ్తే మనుషుల కన్నా ఖాళీ కుర్చీలే ఎక్కువ.

నా కళ్లు ఏ ఊరెళ్లినా ముందు గోడల మీదికే పోతాయి. బస్టాపుల్లో చూస్తే రగ్బీ వాళ్లే. ఫుట్‌బాల్‌ది గేటు దగ్గర ఒక్క కాగితం, అదీ ఓ మూల ఊడిపోయి. మన దగ్గర చెవులు కుట్టే ఫంక్షన్‌కి కూడా బెంజ్ సర్కిల్ దాకా ఫ్లెక్సీలు కడతారు కదండీ! డబ్బుల్లేకా, జనం ఎలాగూ రారని ముందే వదిలేశారా? అల్లుణ్ణి అడిగితే "ఇక్కడంతే" అంటాడు. అదేం జవాబు?

ఆక్లాండ్‌లో తెనాలివాడు:
అంకుల్, రెండూ ఉన్నాయి. ఇక్కడ బళ్లోనే రగ్బీ మొదలు. ఆల్ బ్లాక్స్, అంటే ఇక్కడి రగ్బీ జట్టు, 1987, 2011, 2015లో ప్రపంచకప్ కొట్టారు. పేపర్ వాళ్లకి అదే అన్నం పెడుతుంది.

కానీ జనం రారన్నది అబద్ధం. 2009 నవంబర్‌లో వెల్లింగ్టన్‌లో బహ్రెయిన్‌తో న్యూజిలాండ్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన మ్యాచ్‌కి 35 వేల మంది వచ్చారు. ఫాలన్ తలతో గోల్ కొట్టాడు, గోల్‌కీపర్ పాస్టన్ పెనాల్టీ ఆపాడు, 1-0తో ప్రపంచకప్‌కి వెళ్లారు. 2010లో అక్కడ ఇటలీని కూడా 1-1తో నిలబెట్టారు. ఆడిన మూడూ డ్రాలే, ఇంటికొచ్చేశారు. ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడనిది వీళ్లొక్కళ్లే. కప్పు గెలిచిన స్పెయిన్ కూడా స్విట్జర్లాండ్ చేతిలో ఓడింది! అంత సరుకు చేతిలో పెట్టుకుని తర్వాత అమ్ముకోలేదు, నా కోపం అదీ.

ఇంకోటి, 2006లో ఆస్ట్రేలియా మా ఓషియానియా గ్రూపు వదిలేసి ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలోకి వెళ్లిపోయింది. ఇక చుట్టూ మిగిలినవి చిన్న చిన్న ద్వీపాలు. సొంతగడ్డ మీద పెద్ద జట్టుతో మ్యాచే అరుదైతే దేనికని పోస్టర్ వేస్తారు?

ఇక్కడా ఆస్ట్రేలియాలోనూ జరిగిన 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి ముందు టికెట్లు కదల్లేదు. స్పాన్సర్ ఒకరు ఇక్కడి నాలుగు ఊళ్లలో 20 వేల టికెట్లు ఊరికే పంచారు. తీరా మొదటి రోజు ఆక్లాండ్ ఈడెన్ పార్క్ స్టేడియంలో 42 వేల పైన జనం, నార్వే మీద 1-0 గెలుపు. 2024లో ఆక్లాండ్‌కి కొత్త క్లబ్బు వచ్చింది, యజమాని అమెరికా ఆయన. మొదటి మ్యాచ్‌కే 24 వేల టికెట్లు అయిపోయాయి.

గుంటూరు పీఈటీ:
ఫ్లెక్సీ గారూ, ఏమీ అనుకోకండి, గోడ మీద బొమ్మ చూసి గ్రౌండ్‌కి వచ్చేవాడు తక్కువ. 2018 జూన్ గుర్తుందా? ముంబైలో చైనీస్ తైపీ మీద మన ఫుట్‌బాల్ జట్టు 5-0 గెలిచింది, కెప్టెన్ సునీల్ ఛెత్రి హ్యాట్రిక్. చూసినవాళ్లు మూడు వేల మంది కూడా లేరు. తిట్టడానికైనా సరే స్టేడియానికి రండని ఛెత్రి వీడియో పెట్టాడు. కెన్యా మ్యాచ్‌కి స్టేడియం నిండిపోయింది. ఆ తర్వాత మనల్ని 2-1తో ఓడించింది ఎవరనుకున్నారు, మీ అల్లుడుగారి న్యూజిలాండే!

మా స్కూళ్ల ఫుట్‌బాల్ ఫైనల్ బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పెడితే కన్నవాళ్లే వచ్చేవాళ్లు కాదు. బ్యానర్ కట్టినా అంతే. ఓసారి ఒక్కో పిల్లాడి చేతికి చీటీ ఇచ్చా: "మీవాడు గోల్‌కీపర్. రేపు నాలుగింటికి ఆడుతున్నాడు, రండి." అమ్మలు వచ్చారు, నాయనమ్మలు కూడా. ఒకావిడైతే రిఫరీ మీదికి వెళ్లింది, అది వేరే కథ.

బెజవాడ ఫ్లెక్సీ:
చీటీ బాగుందండీ, ఒప్పుకుంటా. కానీ ఛెత్రి కాబట్టి ఆ వీడియో అంతమంది చూశారు. ముఖమే తెలియని కుర్రాడు పెడితే ఎవరు చూస్తారు? ఆ ముఖం ముందు ఊళ్లో పదిచోట్ల కనపడాలి. అమెరికా ఆయన చేసింది అదేగా, డబ్బు తీశాడు.

పీఈటీ గారూ, ఈసారి మీ ఫైనల్‌కి చెప్పండి, ఆరు బై నాలుగు ఒకటి వేసిస్తా, డబ్బులొద్దు. పిల్లల ఫొటోలు మాత్రం వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ప్రింట్‌లో ముఖాలు పగిలిపోతాయి.