ఒకే అక్షరాలున్న ఇంగ్లిషు మాటలను గుత్తిగా నేర్చుకోవడం మేలా, చేటా?

పదార్థి:
నేను ఇంగ్లిషు మాటలను అక్షరాల పోలికను బట్టి గుత్తులుగా రాసుకొని చదువుతున్నాను. పి, ఇ, డి అనే మూడు అక్షరాలు ఇదే వరుసలో కనిపించే మాటలను ఒక పేజీలో చేర్చి, వాటికి ఎదురుగా అర్థాలు రాశాను. పెడల్ అంటే కాలితో తొక్కే మీట, పెడెస్ట్రియన్ అంటే కాలినడకన వెళ్లే మనిషి, ఇంపీడ్ అంటే అడ్డగించడం, ఎక్స్‌పెడైట్ అంటే పనిని త్వరపరచడం, పీడియాట్రిక్స్ అంటే పిల్లల వైద్యం, పెడిగ్రీ అంటే వంశక్రమం. పేజీ నిండింది గాని, పది రోజులు గడిచేసరికి ఒక మాట అర్థం మరో మాటకు అంటుకుంటోంది. లోపం పద్ధతిలో ఉందా, నా సాధనలో ఉందా?

ధాతువు:
లోపం పద్ధతిలో లేదు. మీరు అక్షరాలను పట్టుకున్నారు గాని, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూడలేదు. లాటిన్‌లో పాదాన్ని సూచించే ధాతువు పెడ్. ఇంపీడ్‌కు మూలమైన లాటిన్ క్రియకు కాళ్లకు సంకెల తగిలించడమని అర్థం; మనం ముందరికాళ్లకు బంధం వేయడం అంటామే, సరిగ్గా అదే ఊహ. ఎక్స్‌పెడైట్ దీనికి ఎదురు మాట, అంటే కాళ్లకున్న బంధాన్ని విప్పడం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన వారికి అడ్డగించడం, త్వరపరచడం అనే అర్థాలు వేరుగా బట్టీ పట్టవలసిన అవసరమే ఉండదు.

స్పెక్ట్ అనే అక్షరాల గుత్తి ఇంకా గొప్పది. దాని మూలార్థం చూడటం. ఇన్‌స్పెక్ట్ అంటే లోపలికి చూడటం, అంటే తనిఖీ; ప్రాస్పెక్ట్ అంటే ముందుకు చూడటం, అంటే రాబోయే అవకాశం; రెస్పెక్ట్ అంటే వెనుదిరిగి మళ్లీ చూడటం, అంటే గౌరవించడం. తెలుగులో చూపు అనే ఒక్క మాట నుంచి ముందుచూపు, చిన్నచూపు, ఎదురుచూపు పుట్టినట్టే అక్కడా పుట్టాయి. మన భాషలో ఇంత సహజంగా అనిపించే దారిని ఇంగ్లిషు నేర్చుకొనేటప్పుడు ఎందుకు వదులుకోవాలి?

నిలకడ:
మీరు మెచ్చుకుంటున్నది ధాతువును. ప్రశ్న అడిగినది అక్షరాల గురించి. ఈ రెండూ ఒకటే అనుకోవడంలోనే చిక్కు ఉంది. పదార్థి గారి పేజీనే చూడండి. పెడల్, పెడెస్ట్రియన్ లాటిన్ పాదం నుంచి వచ్చినవి కాగా, పీడియాట్రిక్స్ గ్రీకులో పిల్లవాడిని సూచించే మాట నుంచి వచ్చినది. బోధనాశాస్త్రం అనే అర్థంలో వాడే పెడగాగీ కూడా ఈ రెండో వంశానిదే; ప్రాచీన గ్రీసులో పిల్లవాడిని బడికి తోడ్కొని వెళ్లే బానిసను పిలిచే పేరు దానికి మూలం. బ్రిటిష్ వర్ణక్రమంలో, అంటే స్పెల్లింగులో, పీడియాట్రిక్స్‌కు పి తరువాత ఏ అనే అక్షరం కూడా ఉంటుంది కాబట్టి తేడా కంటికి కనిపిస్తుంది. అమెరికన్ వర్ణక్రమంలో ఆ అక్షరం తొలగిపోయి, రెండు వంశాలు ఒకే ముఖంతో కనిపిస్తాయి. పెడిగ్రీలో పాదం ఉన్నా, అది కొంగ పాదం: వంశవృక్షంలో గీసే చీలిక గీతలు కొంగ కాలివేళ్లలా ఉండటం వల్ల ఫ్రెంచి నుంచి ఆ పేరు వచ్చింది. ఈ సంగతి తెలియకుండా పాదానికీ వంశానికీ లంకె వేయబోతే ఎవరైనా తడబడతారు.

ఇక మీ చూపు కుటుంబంలోనే అక్షరాలు మోసం చేస్తాయి. చిన్నచూపు చూడటం అనే అర్థమున్న డెస్పైజ్ అదే ధాతువు నుంచి పుట్టినది, అయినా అందులో స్పెక్ట్ అనే అక్షరాలు లేవు. ఎదురుచూడటం అనే అర్థమున్న ఎక్స్‌పెక్ట్‌లో ధాతువుకు చెందిన ఎస్ మాయమైంది, ఎందుకంటే ఎక్స్ అనే అక్షరం పలుకులోనే ఆ ధ్వని ఇమిడి ఉంది. కలత, కలప, కలశం అనే మాటలు ఒకే విధంగా మొదలవుతున్నాయని వాటిని కలిపి నేర్పేవారు తెలుగులో ఎవరూ ఉండరు కదా!

ఒకేలా కనిపించే మాటలను మొదటిసారే కలిపి నేర్చుకుంటే అవి ఒకదానితో ఒకటి కలగలిసిపోతాయి. తెలుగులో అడాప్ట్ అని ఒకేలా రాసే మాటలు ఇంగ్లిషులో రెండు ఉన్నాయి. మధ్యలో ఏ ఉంటే పరిస్థితికి తగినట్టు మలచుకోవడం, ఓ ఉంటే స్వీకరించడం లేదా దత్తత తీసుకోవడం. భాషాశాస్త్రవేత్త బాట్యా లౌఫర్ ఇలాంటి పోలిక మాటలను సిన్‌ఫార్మ్‌లు అని పిలిచి, నేర్చుకొనేవారు వాటి మధ్య ఎలా పొరబడతారో వర్గీకరించారు. పదార్థి గారికి జరిగినది అదే, సాధనలో లోపం కాదు.

ధాతువు:
పీడియాట్రిక్స్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను దాన్ని దాటవేసి ఉండకూడదు. అయితే ధాతువు లేకున్నా అక్షరాలకు అర్థచ్ఛాయ ఉండే సందర్భాలు ఉన్నాయి. జి, ఎల్ తో మొదలయ్యే గ్లిటర్, గ్లీమ్, గ్లింట్, గ్లిమర్ అన్నీ రకరకాల మెరుపులు. ఇలాంటి ధ్వనిగుత్తులకు 1930లో భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఫర్త్ ఫోనెస్థీమ్ అని పేరు పెట్టారు. తళతళ, మిలమిల, ధగధగ అనే మాటలతో పెరిగిన మన చెవికి ఇది కొత్త కాదు.

నిలకడ:
అదే జి, ఎల్ తో జిగురు అనే అర్థమున్న గ్లూ, చేతితొడుగు అనే అర్థమున్న గ్లవ్ కూడా మొదలవుతాయి. వాటిలో మెరుపు వెతకకూడదు. పైగా మెరుపు మాటల్లోనూ తేడాను వాక్యమే చెబుతుంది: గ్లింట్ ఒక్క క్షణం తళుక్కుమనడం, గ్లిమర్ మినుకుమినుకుమనడం. కాబట్టి ఒక్కొక్క మాటను ముందు దాని వాక్యంలో కలుసుకోవాలి. రెండు మూడు మాటలు బాగా పరిచయమైన తరువాతే వాటిని ఒక గూటికి చేర్చాలి. గుత్తి కట్టడం చివరి పనిగా ఉంటే నాకు అభ్యంతరం లేదు.

పదార్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పీడియాట్రిక్స్‌ను, పెడగాగీని వేరే పేజీకి మార్చి, పాత పేజీలో పాదం మాటలే ఉంచాను. ఇంపీడ్, ఎక్స్‌పెడైట్ పక్కన అర్థాలు కొట్టివేసి, చెరొక వాక్యం రాసుకున్నాను. ఈ ఉదయం చదువుతుండగా సెంటిపీడ్ అనే మాట ఎదురైంది. సెంటి అంటే నూరని ముందే తెలుసు కాబట్టి, నిఘంటువు తెరవకముందే అది జెర్రి అని అర్థమైంది.